వర్క్‌షీటులో పదికి పది, పరీక్షలో తెల్ల కాగితం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మాది నెల్లూరు జిల్లా. పెళ్ళయి చెన్నై వచ్చాక విల్లివాక్కం దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడు ఆరో తరగతి, 38 మంది పిల్లలు. సగం మంది తెలుగిళ్ళవాళ్ళు, మిగతావాళ్ళలో ఎక్కువ మంది తమిళులు. వేసవిలో మాకు స్కాఫోల్డింగ్ మీద, అంటే పిల్లలకు మెట్టు మెట్టుగా ఆసరా ఇచ్చి నేర్పే పద్ధతి మీద, రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. అప్పటినుంచి రాత్రిళ్ళు కూర్చుని ప్రతి పాఠానికీ వర్క్‌షీట్లు తయారు చేస్తున్నాను. ఒక్కో లెక్కనూ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, పక్కన సూచన రాసి, ఖాళీలు వదులుతాను. తరగతిలో దాదాపు అందరికీ పదికి పది వస్తోంది. భిన్నాల మీద యూనిట్ టెస్టు పెట్టి అవే లెక్కలు సూచనలు లేకుండా ఇస్తే 17 మంది కాగితం తెల్లగా తిరిగి ఇచ్చారు. ఒక అమ్మాయి "మిస్, ఖాళీలు ఎక్కడ?" అని అడిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంకెంత సాయం చేయాలి? ఇంతమందిలో ఒక్కొక్కరినీ ఎలా చూడాలి? అర్థం కాని చోట తెలుగులో చెబితే మా కో-ఆర్డినేటర్‌కు నచ్చదు, అది తప్పా? సూచనలు కార్డుల మీద రాసి దాచుకోవడానికి సొంత డబ్బు నాలుగు వేలు పెట్టి లామినేషన్ యంత్రం కొనాలనుకుంటున్నాను, కొనమంటారా?
— ఒక లెక్కల టీచరు, చెన్నై

జవాబు: అమ్మా, "ఖాళీలు ఎక్కడ?" అన్న ఆ అమ్మాయిని ముందు మెచ్చుకోండి. రెండు రోజుల శిక్షణలో మీకు ఎవరూ చెప్పని సంగతిని ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పింది.

మీరు ఉత్తరంతో పంపిన వర్క్‌షీట్లు పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. రెండో పేజీలో మొదటి లెక్క చూడండి. 2/3 + 1/4 ఇచ్చి, కింద రెండు భిన్నాలకూ హారం 12 మీరే వేసి, పైన లవాల చోట ఖాళీలు పెట్టారు. పక్కన బాణం గుర్తుతో "రెండు హారాలనూ 12గా మార్చు" అని సూచన. పిల్లవాడు చేసిందేమిటి? మూడు నాలుగుల పన్నెండు, కాబట్టి నాలుగు రెళ్ళు ఎనిమిది. నాలుగు మూళ్ళు పన్నెండు, కాబట్టి ఇక్కడ మూడు. ఎనిమిదీ మూడూ పదకొండు. ఎక్కాలు వచ్చిన మూడో తరగతి పిల్లవాడు కూడా ఈ ఖాళీలు నింపేస్తాడు. ఈ లెక్కలో ఆలోచన అంతా ఆ 12లో ఉంది. మూడో వంతులనూ నాలుగో వంతునూ ఉన్నవి ఉన్నట్టు కలపకూడదని గమనించడం, రెండింటికీ సరిపోయే చిన్న ముక్క ఏదో వెతకడం, ఈ రెండు పనులూ మీరు రాత్రి ఇంట్లో కూర్చుని చేసేశారు. పిల్లలకు మిగిలింది గుణకారం. వాళ్ళకు వచ్చిన పదికి పది గుణకారానికి వచ్చిన మార్కులే.

అందుకని "ఇంకెంత సాయం చేయాలి" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. సాయం ఇప్పటికే ఎక్కువైంది, అదీ అక్కర్లేని చోట. మీరు చూసుకోవలసినవి రెండున్నాయి. పిల్ల సరిగ్గా ఎక్కడ ఆగుతోంది? ఇచ్చిన సాయాన్ని ఏ రోజు తీసేస్తాం?

స్కాఫోల్డింగ్ అనే మాట చదువుల్లోకి వచ్చినది 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు కలిసి రాసిన ఒక వ్యాసంతో. అందులో మూడు, నాలుగు, అయిదేళ్ళ పిల్లలు 30 మంది. వాళ్ళ ముందు 21 చెక్క దిమ్మెలు. వాటిని ఒకదానికొకటి బిగించి పిరమిడ్ కట్టాలి. పిల్ల తనంతట తాను చేయగలిగినంతా చేయనిచ్చి, ఆగిన చోటే కలగజేసుకోవాలన్నది నేర్పే మనిషి పెట్టుకున్న నియమం. మూడేళ్ళవాళ్ళ దగ్గర, వాళ్ళు ఆట వదిలేసి పోకుండా చూడడమే పెద్ద పని అయింది. నాలుగేళ్ళవాళ్ళకు తప్పెక్కడుందో మాటతో చెబితే సరిపోయింది. అయిదేళ్ళవాళ్ళకు "సరిగ్గానే కట్టావా చూసుకో" అన్నంత మాట చాలింది. కట్టినది అదే పిరమిడ్, సాయం మాత్రం మూడు రకాలు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే సోవియట్ రష్యాలో వైగాట్‌స్కీ అనే మనస్తత్వవేత్త, పిల్లలు ఇవాళ ఒకరి సాయంతో చేసేది రేపు ఒంటరిగా చేస్తారని రాశాడు. మీ వర్క్‌షీటులో ఆ రేపు రావడం లేదు.

నిజానికి ఈ విద్య మనకు పరాయిది కాదు. మీకు ఓనమాలు ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి. మొదట పెద్దవాళ్ళు మీ గుప్పిట పట్టుకుని పళ్ళెంలో పోసిన బియ్యంలో రాయించారు. తరువాత పలక నిండా ఒక పెద్ద 'అ' రాసిచ్చి దిద్దమన్నారు. ఆ అక్షరం బలపం పొడితో లావెక్కి గుర్తుపట్టలేనంతగా మారేదాకా దిద్దారు. ఆ తరువాత పైన ఒక్కటి రాసిపెట్టి, కింద చూసి రాయమన్నారు. చివరికి పలక తుడిచేసి, చూడకుండా రాయమన్నారు. మీ పిల్లలు జూన్ నుంచి దిద్దుతూనే ఉన్నారు. యూనిట్ టెస్టు రోజున మీరు హఠాత్తుగా పలక తుడిచేశారు. చూసి రాయడమనే మెట్టు మధ్యలో లేకుండా పోయింది.

ఆ మెట్టు ఎలా ఉంటుందో భిన్నాలతోనే చూపిస్తాను. 2/3 + 1/4 లెక్క బోర్డు మీద మొత్తం మీరే చేయండి, కానీ మనసులో అనుకునేదంతా పైకి అంటూ చేయండి. "ఇవి మూడో వంతు ముక్కలు రెండు. ఇది నాలుగో వంతు ముక్క ఒకటి. ముక్కలు ఒకే సైజులో లేవు, కలిపి మూడు ముక్కలు అనలేను. రెండింటినీ ఒకే సైజుకు కోయాలి. 24 ముక్కలు చేస్తే? కుదురుతుంది. అంతకన్నా తక్కువతో కుదురుతుందా? మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. నాలుగు, ఎనిమిది, పన్నెండు. దొరికింది." ఆ 24 దగ్గర తడబాటు కావాలనే పెట్టాను. టీచరు కూడా వెతుక్కుంటుందని పిల్లలకు కనబడాలి. లేకపోతే ఎల్‌సీఎం (కనిష్ఠ సామాన్య గుణిజం) అనేది మీకు ఆకాశం నుంచి ఊడిపడుతుందని అనుకుంటారు.

తరువాతి లెక్క 1/2 + 2/5. దీన్ని 5/10 + 4/10 దాకా మీరే రాసి, చివరి జవాబు ఒక్కటి వాళ్ళకు వదలండి. మూడోది 3/4 + 1/6. ఇక్కడ హారం 12 అని చూపి లవాలూ జవాబూ వాళ్ళనే రాయమనండి. చూశారా, ఇది అచ్చంగా మీ వర్క్‌షీటే. అంటే మీరు చేసినది పనికిరానిదేమీ కాదు, మూడో మెట్టు దగ్గర కూర్చుండిపోయారు, అంతే. నాలుగోది 2/5 + 1/3. దీని కింద ఖాళీలు ఉండవు, "ముక్కలు ఒకే సైజువా?" అన్న ప్రశ్న ఒక్కటి ఉంటుంది. అయిదోది 5/6 + 1/8, పక్కన ఏమీ లేకుండా. చివరి అడుగు ముందు తీసి, అక్కడినుంచి వెనక్కి వస్తున్నామన్నమాట. ఇదంతా ఒకటిన్నర పీరియడు పని, వారాల తరబడి సాగదీయకండి.

రెండో లెక్కతోనే దారి పట్టేసిన పిల్లలు ఉంటారు. వాళ్ళను నేరుగా అయిదోదానికి పంపండి. కొత్తవాళ్ళకు మేలు చేసే సూచనే వచ్చినవాళ్ళకు అడ్డం పడుతుందని స్లావా కల్యుగా, జాన్ స్వెల్లర్, మరి ఇద్దరు విద్యా పరిశోధకులు 2003లో రాశారు. తెలిసిన దారిలో పోతున్నవాడిని ఆపి ప్రతి మలుపులోనూ బోర్డు చదవమన్నట్టు ఉంటుంది వాళ్ళకు.

తీసేసే రోజు గురించి ఒక మాట. స్కాఫోల్డింగ్‌ను తెలుగులో పరంజా అంటారు గానీ, మీ తరగతికి సెంట్రింగ్ అంటేనే సరిపోతుందనిపిస్తుంది నాకు. మా పెరంబూరు వీధిలో ఇప్పుడొక అపార్టుమెంటు లేస్తోంది, మేస్త్రి శ్రీకాకుళం మనిషి. పొద్దున కాఫీ తాగుతూ నేను చూసేది అదే. పరంజా మీద నిలబడేది పనివాళ్ళు, గోడ దాని మీద ఆనదు. స్లాబు మాత్రం గట్టిపడేదాకా సెంట్రింగ్ మీదే ఆనుతుంది, మీ పిల్లలు మీ ఖాళీల మీద ఆనినట్టు. పక్క పలకలు మర్నాడో మూడో రోజో ఊడదీస్తారు. కింద నిలబెట్టిన కర్రలకు మాత్రం లెక్క ఉంది. మామూలు సిమెంటుతో వేసిన స్లాబుకు ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు అయితే 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456 అనే భారత ప్రమాణం చెబుతుంది. స్లాబు పోసే రోజే విప్పే రోజు మేస్త్రికి తెలుసు. మీరూ వర్క్‌షీటు మూల మీద ఆ తేదీ వేయండి: "గురువారం నుంచి ఈ సూచన ఉండదు" అని. పిల్లలకూ ముందే చెప్పండి. చెబితే బుధవారం నాడు వాళ్ళే సూచనను చేత్తో మూసుకుని చేసి చూస్తారు, నేను చూశాను.

ఇప్పుడు ఆగిన చోటు సంగతి. పిల్లవాడు 2/3 + 1/4 = 3/7 అని రాశాడనుకోండి. మీ చేయి ఎర్ర పెన్ను వైపు పోతుంది, నోరు "ఎల్‌సీఎం కనుక్కో" అంటుంది. రెండింటినీ ఆపండి. "3/7 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడిగి ఊరుకోండి. ఊరుకోవడం మన వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త 1970లలో టేపులు విని లెక్కగట్టారు. ప్రశ్న వేసిన టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆ ఒక్క సెకనును మూడు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది. మీరూ మనసులో మూడు లెక్కపెట్టండి.

"తక్కువ, మిస్."

"మొదట మన దగ్గర ఉన్న 2/3?"

"సగం కన్నా ఎక్కువ."

"ఎక్కువ ఉన్నదానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయిందా?"

ఆ క్షణంలో పిల్లవాడి మొహం చూడాలి మీరు. వాడి తప్పును వాడే పట్టుకున్నాడు, మీరు జవాబులో ఒక్క అంకె కూడా చెప్పలేదు. దీంతో కదలకపోతే ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలు ఇచ్చి ఒకదాన్ని మూడు మడతలు, ఇంకొకదాన్ని నాలుగు మడతలు వేయమనండి. అప్పటికీ కదలకపోతే హారం చెప్పండి. అదీ చాలకపోతే పక్కన కూర్చుని ఇలాంటిదే ఇంకో లెక్క చేసి చూపండి. తడబడితే సాయం ఒక మెట్టు పెంచండి, దాటితే తరువాతి లెక్కలో ఒక మెట్టు తగ్గించండి. మన టీచర్లలో చాలామంది, నేనూ మొదటి పదేళ్ళు, నేరుగా ఆఖరి మెట్టు నుంచే మొదలుపెడతాం. గంట కొట్టేస్తారన్న తొందర.

38 మందితో ఇది కుదురుతుందా అంటారు. ఒక్కొక్కరితో రోజూ కుదరదు. అందుకు చీటీలు పనికొస్తాయి. పీరియడు చివరి అయిదు నిమిషాల్లో సూచనలు లేని ఒకే లెక్క ఇచ్చి, చీటీ మీద చేయించి తీసుకోండి. మార్కులు వేయకండి. తప్పొప్పులను పట్టించుకోకుండా, ఎక్కడ ఆగారో చూసి కుప్పలు వేయండి. అసలు మొదలుపెట్టనివాళ్ళు ఒక కుప్ప, హారం దొరకనివాళ్ళు ఒకటి, హారం దొరికి లవం మార్చడం మరిచినవాళ్ళు ఒకటి. ఈ మూడో కుప్పకు మర్నాడు ఒక్క వాక్యం చాలు. రెండో కుప్పకు గుణిజాల వరుసలు రాయడం పది నిమిషాలు. మొదటి కుప్పతో మీరు కూర్చుంటారు, ఆ వేళకు మిగతావాళ్ళు తమ పని చేసుకుంటూ ఉంటారు. చీటీలు సర్దడానికి మీకు పావుగంట పడుతుంది, రాత్రంతా వర్క్‌షీట్లు తయారు చేయడం కన్నా చవక. టెస్టులో తెల్ల కాగితం ఇచ్చిన 17 మందిలో కూడా ఓ అయిదుగురిని విడిగా పిలిచి "ఈ లెక్క చూడగానే మొదట ఏమనిపించింది?" అని అడగండి. కొందరికి లెక్క రాక, కొందరికి భయం, కొందరికి ప్రశ్న చదివితే అర్థం కాక. ముగ్గురి కాగితాలూ తెల్లగానే ఉంటాయి.

సూచనల కార్డులను కిటికీ గట్టు మీద బోర్లించి పెట్టండి. కావలసినవాళ్ళే లేచి వెళ్ళి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నప్పుడు నోటుబుక్కులో ఒక చుక్క పెట్టుకోవాలి. రెండు వారాలకు చుక్కలు తగ్గుతున్నాయో లేదో వాళ్ళకే కనబడుతుంది. కార్డులతో ఎవరి వేగంలో వాళ్ళు చదువుకునే పద్ధతి మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో పుట్టింది. అక్కడినుంచి స్ఫూర్తి పొంది 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధన తరువాత తమిళనాడు అంతటికీ పాకింది. ప్రతి పిల్లకూ తనదైన నిచ్చెన, తాను ఏ మెట్టు మీద ఉందో తనకే తెలుస్తుంది. చక్కటి ఆలోచన. అయితే నేను చూసిన కొన్ని తరగతుల్లో కార్డులు కదిలాయి గానీ టీచరు కదలలేదు. పిల్ల ఒకే మెట్టు మీద ఇరవై రోజులుగా ఉందని నిచ్చెన చెబుతూనే ఉంది, దాని వైపు చూసినవాళ్ళు లేరు.

తెలుగులో చెప్పడం తప్పా అన్నారు. ఆరో తరగతి పిల్లను "అరకిలో, పావుకిలో కలిపితే ఎంత?" అని అడగండి, ముప్పావు అంటుంది. అదే పిల్ల 1/2 + 1/4 అని రాసిస్తే 2/6 అంటుంది. దుకాణంలో ఏ పిల్లా 2/6 కిలోల కందిపప్పు అడగలేదు. అర, పావు, ముప్పావు అనే మాటల్లోనే సగం పాఠం ఉంది. మీ తమిళ పిల్లలకూ అరై, కాల్, ముక్కాల్ ఉన్నాయి. పదహారో వంతుకు వీసం అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే. ఇన్ని ఆసరాలు పిల్లలు ఇంటినుంచి ఉచితంగా తెస్తుంటే గుమ్మం బయట వదిలి రమ్మనడం ఏం న్యాయం? ఇంగ్లీషు మాటలే అడ్డం పడే చోట్లు కూడా ఉన్నాయి. 45కూ 28కీ డిఫరెన్స్ ఎంత అని అడిగితే, నా తరగతిలో ఒక పిల్ల "దాంట్లో అయిదుంది, దీంట్లో ఎనిమిదుంది" అంది. తేడా చెప్పమంటే చెప్పింది మరి.

ఇందులోనూ రెండు జాగ్రత్తలు. మీరు తెలుగులోనే చెప్పుకుంటూ పోతే మిగతా సగం తరగతి గోడకు ఆనుకుంటుంది. కాబట్టి మీరు చెప్పడం తగ్గించి, ఇద్దరిద్దరిని జతచేసి రెండు నిమిషాలు వాళ్ళ భాషలో మాట్లాడుకోనివ్వండి. తెలుగు పిల్లకు తెలుగు జత, తమిళ పిల్లకు తమిళ జత. తరువాత, పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి కనుక, చివరి వాక్యం ఇంగ్లీషులో చెప్పించండి. మొదట్లో వాక్యం సగం బోర్డు మీద రాసిపెట్టి మిగతా సగం వాళ్ళను పూర్తిచేయమనండి, నెల తరువాత ఆ సగం కూడా తుడిచేయండి. మీ కో-ఆర్డినేటర్‌తో వాదన పెట్టుకోకండి. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోట కనీసం అయిదు వరకు, కుదిరితే ఎనిమిది వరకు ఇంటి భాషలో బోధించమంటోందని ఒకసారి గుర్తు చేసి, రెండు వారాల చీటీల కట్ట ఆవిడ బల్ల మీద పెట్టండి.

లామినేషన్ యంత్రం కొనకండి. లామినేట్ చేసిన సూచన పదేళ్ళు ఉంటుంది, మీ సూచన పది రోజులు ఉంటే ఎక్కువ. పైగా నాలుగు వేలు పెట్టి చేసినదాన్ని తీసి పారేయడానికి ఎవరికైనా ప్రాణం ఒప్పదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంటికి వచ్చే శుభలేఖలు దాచండి. అట్ట మందంగా ఉంటుంది, వెనకవైపు ఖాళీ. నాలుగు ముక్కలు చేసి పెన్సిలుతో రాయండి, పని అయిపోయాక చెరిపి ఇంకొకటి రాయండి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అవే వాడాను. ఒక్కటే ఇబ్బంది, మూలలకు పసుపు అంటి ఉంటుంది, పిల్లలు ముందు ఆ వైపే తిప్పి చూస్తారు. ఒకసారి ఒక కుర్రవాడు కిటికీ దగ్గరకు వెళ్ళి కార్డు తెచ్చుకుని, సూచన చదవకుండా ముహూర్తం చదివి, ఆ పెళ్ళిలో భోజనానికి ఏం పెట్టారు మిస్ అని అడిగాడు.